దాది అద్దాలూ నా ఎసిటాల్డిహైడూ

9 మే 1986, శుక్రవారం

ప్రయోగం: దాది కాంచళి మీది అద్దాలకు పట్టిన నలుపు వదిలించుట.
కావలసినవి: పల్చటి నైట్రిక్ యాసిడ్, పింగాణీ గిన్నె, ఒక పట్టభద్రుడు.
పరిశీలన: ఐదు నిమిషాల్లో నలుపు పోయింది. ఏడు నిమిషాల్లో అద్దాలు పోయాయి.
నిర్ధారణ: పట్టభద్రుడు గాడిద.

కెమిస్ట్రీ రికార్డులో మిగిలిపోయిన పేజీలు ఇట్లా పనికొస్తాయనుకోలేదు.

అద్దాలు పోవడమంటే గాజు పోలేదు. గాజు వెనక పూత పోయింది. కాంచళి అంటే మా లంబాడీ ఆడవాళ్ళ రవిక. ఆ ఒక్క రవిక మీద ముప్పై ఆరు అద్దాలు ఉండేవి. ఇప్పుడు ముప్పై ఆరు కిటికీలు ఉన్నాయి, ప్రతి కిటికీలోంచీ ఎర్రగుడ్డ తొంగి చూస్తున్నది. యాసిడ్ బుడ్డి కాలేజీ ల్యాబులోది. డిగ్రీ అయిపోయిందని నాకు నేనే ఇచ్చుకున్న బహుమతి.

బాధితురాలు మా నాయన తల్లి సోమ్లి దాది. ప్రస్తుతం పాల్వంచ అవతల వాళ్ళక్క తండాలో ఉంది. ఇరవై మూడున వస్తుంది. ఇరవై ఐదున భీమ్లా కాకా కూతురు రూప్లి పెళ్ళి. మా తండాలో పెళ్ళికూతురిని సాగనంపేటప్పుడు ఏడుపు పాట ఎత్తుకునేది దాదే. ఈ కాంచళి ఒంటి మీద లేకుండా ఆమె గొంతు విప్పదు. ఒకే ఒకసారి, నేను పుట్టకముందు, వానకు తడిసి ఆరలేదని పాడనన్నది. ఆ పిల్ల పాట లేకుండా బండెక్కింది, ఆరు నెలల్లో పుట్టింటికి తిరిగొచ్చింది. రెంటికీ సంబంధం లేదని నేను రుజువు చేయగలను. తండాలో వినేవాళ్ళు లేరు.

భయం ఏమీ లేదు. పదహారు రోజులున్నాయి.

10 మే, శనివారం

రూప్లి చూసేసింది. గోధుమపిండి అడుక్కోవడానికి వచ్చి, దండెం మీద వేలాడుతున్న కాంచళి ముందు నిలబడిపోయింది. ఒక గాజులో వేలు పెట్టి తట్టింది. తరవాత నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగింది.

"భియా, బియ్యెస్సీల గిదేనా చెప్పిండ్రు మూడేండ్లు?"

ఎవరికీ చెప్పొద్దని బతిమాలిన. చెప్పనంది. దాది పాడకపోతే తనకేం నష్టం లేదట, ఈ కాలంలో ఎవరు ఏడుస్తరట, తాను నైలాన్ చీర కట్టుకొని ఫోటో దిగి నవ్వుకుంట పోతదట. పెళ్ళికొడుకు మణుగూరు బొగ్గు గనుల్లో పని. క్వార్టర్‌లో ఫ్యాన్ ఉందట.

పోనీ. నా బుర్ర తినేవాళ్ళు ఒకరు తగ్గుతారు.

11 మే, ఆదివారం

అద్దాల గురించే ఆలోచిస్తూ పడుకున్న. నాకు నాలుగేళ్ళు, రూప్లికి రెండు ఉన్నప్పుడు దాది మమ్మల్ని చెరో తొడ మీద కూర్చోబెట్టుకునేది. కళ్ళు తెరిస్తే ఎదురుగా రవిక నిండా రామ్‌చందర్లు. ఒకడికి ముక్కు లేదు, ఒకడికి చెవి ఒక్కటే, ఒకడు తలకిందులు. అందరూ నేనే అని దాది చెప్తే నమ్మకపోయేవాణ్ణి. ఒకడు నన్ను చూసి నాలుక బయటపెట్టాడని ఏడ్చిన కూడా. పొద్దున ఎండలో ఆమె నడిచి వస్తుంటే గోడల మీద వెలుగు పిల్లలు దుంకేవి. రూప్లీ నేనూ వాటి మీద కాళ్ళు పెట్టి తొక్కాలని పరిగెత్తేవాళ్ళం. ఒక్కటి కూడా దొరకలేదు.

ఇరవై ఒక్కేళ్ళకే గతాన్ని తలుచుకొని నిట్టూర్చడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఆపుతున్న.

12 మే, సోమవారం

గతం వల్ల ఉపయోగం కనబడింది. రెండో సంవత్సరం ప్రాక్టికల్స్. సిల్వర్ నైట్రేట్‌లో కొంచెం సోడా కలిపితే గోధుమరంగు బురద వస్తుంది, అమ్మోనియా పోస్తే బురద కరుగుతుంది. అందులో నాలుగు చుక్కల ఎసిటాల్డిహైడ్ వేసి గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టాలి. ఎసిటాల్డిహైడ్ తాను పుల్లబడి యాసిడ్ అయిపోతూ, ద్రావణంలోని వెండిని బయటికి నెడుతుంది. ఆ వెండి పోయి గాజుకు అతుక్కుంటుంది. ఆ రోజు నా పరీక్షనాళికలో పొడుగు ముక్కు మనిషి ఒకడు ప్రత్యక్షమై నా వైపే చూశాడు. బెంచీ ఎక్కి కేక పెట్టిన. సారు బయటికి పంపిండు.

ఎంత మంచి రోజులు. బయటికి పంపేవాళ్ళుండేవారు.

13 మే, మంగళవారం

ఖమ్మం పోయొచ్చిన. ల్యాబు అటెండర్ పగిడయ్య సెలవుల్లో కూడా ల్యాబులోనే పడుకుంటాడు. తలుపు తీయగానే ఆ వాసన. గ్యాసు, గంధకం, తడిసిన సున్నం. కళ్ళలో నీళ్ళొచ్చాయి. అమ్మోనియా మూత తీసి ఉందని పగిడయ్య చెప్పిండు. అయినా కొన్ని నీళ్ళు నావే.

ఎసిటాల్డిహైడ్ ఒక బుడ్డి ఇప్పించమన్న. ఆయన పైకప్పు చూపించిండు. ఫ్యాను పక్కన సున్నం ఊడి గుండ్రంగా గుంట పడి ఉంది.

"పోయినేడు బుడ్డొస్తే ఫ్రిజ్జుల బెట్టిన. కరెంటు పోయింది. బిరడా లేచి గాడ తగిలింది బిడ్డా. అది ఇరవై డిగ్రీలకే మరుగుతది. ఖమ్మంల ఇరవై డిగ్రీలు ఎన్నడుంటది? సంకురాత్రి ముందు ఒక పూట. గంతే."

పుస్తకంలో చదివిందే, ఆయన నోట వింటే తల దించుకోవాలనిపించింది. మండు వేసవిలో మా జిల్లాలో ఎసిటాల్డిహైడ్ ద్రవంగా నిలవడం అసాధ్యం. పొయ్యి అక్కర్లేకుండానే మరుగుతుంది. దాంతో వెనిగర్ యాసిడ్ చేస్తారు, రంగులు, ప్లాస్టిక్కులు చేస్తారు, అత్తర్ల ఫ్యాక్టరీల్లో వాడతారు. అవన్నీ చల్లటి దేశాల్లో పుట్టినవాళ్ళ అదృష్టాలు.

ఇక్కడికిక్కడ తయారు చేసుకొని వెంటనే వాడుకోవడం ఒక్కటే దారి. పగిడయ్య చిన్న గోధుమరంగు సీసాలో సిల్వర్ నైట్రేట్, ఒక పొట్లంలో నారింజరంగు డైక్రోమేట్, అమ్మోనియా, మెడ పగిలిన ఫ్లాస్కు, ఒక గాజు గొట్టం కాగితంలో చుట్టి ఇచ్చిండు. ఎందుకని అడగలేదు. మిగిలిన వెండి నీళ్ళు దాచొద్దని మాత్రం మూడుసార్లు చెప్పిండు. మర్నాటికల్లా అది పేలుడు మందు అవుతుందట. ఏ పూటకాపూట పారబోయాలట.

ఇక ఎసిటాల్డిహైడ్‌గా మార్చడానికి కావలసింది ఆల్కహాల్. దానికి మా అడవిలో కరువా.

15 మే, గురువారం

భీమ్లా కాకా పెళ్ళి కోసం ఇప్పసారా బట్టీ పెట్టిండు. వాగు ఒడ్డున కుండ మీద కుండ. గొట్టంలోంచి మొదట వచ్చే గ్లాసుడు మేరమ్మ తల్లికి నేల మీద పోస్తాడు. ఘాటుగా, మగ్గిన పండు వాసన. నాకు ఆ వాసన తెలుసు. ల్యాబులో ముక్కు అదిరిపోయే ఆ వాసనే. తేలిగ్గా మరిగేది ముందు వస్తుంది కాబట్టి, ఎసిటాల్డిహైడ్ ముందే దూకుతుంది. అంటే మా తాతముత్తాతలు ఇన్నేళ్ళూ సారాలోని విషాన్ని భక్తితో తల్లికి సమర్పించి, మిగతాది తాము తాగుతున్నారు. ఇంత తెలివైన భక్తి ఇంకెక్కడా ఉండదు.

ఆ మొదటి గ్లాసు నాకియ్యమని కాకాను అడిగిన.

"అది తల్లిది రా. మనిషి ముట్టొద్దు."

ఎందుకు ముట్టొద్దని అడిగితే, వాళ్ళ చిన్నాయన ముట్టి మూడు రోజులు గోడ పట్టుకొని నడిచిండని చెప్పిండు. శాస్త్రీయంగా సరైన జవాబు. తల్లి వాటా వదిలేసి, రెండో గ్లాసు నుంచి సీసాడు తీసుకున్న. కాకా ఊరికే ఇయ్యలేదు, రుచి చూసి చెప్పమన్నడు. పెళ్ళి తండ్రి మాట కాదనడం మర్యాద కాదు. చూసిన. సరిగా తెలియక మళ్ళీ చూసిన.

16 మే, శుక్రవారం

తాగిన ఆల్కహాల్‌ను లివరు ముందు ఎసిటాల్డిహైడ్ చేస్తుంది. తరవాత దాన్ని మెల్లగా వెనిగర్ యాసిడ్ చేసి వదిలించుకుంటుంది. ఆ మెల్లగా అన్నచోట మనిషికి మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపు తిప్పుతుంది, తల మీద ఎవరో వడ్లు దంచుతారు. స్వానుభవం.

17 మే, శనివారం

మొదటి ప్రయత్నం. ఇంటి వెనక కిరోసిన్ స్టవ్వు. ఫ్లాస్కులో సారా, డైక్రోమేట్, కొత్తగూడెంలో తెచ్చిన బ్యాటరీ యాసిడ్. నారింజరంగు కళ్ళ ముందే ఆకుపచ్చ అయింది. గొట్టం కొస సీసాలోకి, సీసా కొత్తకుండ నీళ్ళల్లోకి. అంతా పుస్తకంలో లాగే.

సీసాలో ఒక్క చుక్క నిలవలేదు. కుండ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా ఇరవై డిగ్రీలకు దిగవు కదా. నా ఎసిటాల్డిహైడ్ మొత్తం ఆవిరై తండా మీదకు పోయింది. కళ్ళు మండి, గొంతు పట్టి, అరగంట దగ్గిన. పక్కింటి మేకలు కూడా దగ్గినయ్. రూప్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చి, తన పెళ్ళికి వచ్చే చుట్టాలను ఇప్పుడే చంపొద్దని, భోజనాలయ్యాక చంపమని చెప్పి పోయింది.

ఎనిమిది రోజులు.

19 మే, సోమవారం

ఐసు. కొత్తగూడెం ఐసు ఫ్యాక్టరీలో అర దిమ్మ తీసుకొని, ఊక పోసి, గోనెసంచిలో కట్టి ములకలపల్లి బస్సెక్కిన. సంచి కింద నీళ్ళు కారుతున్నాయి. మా దిక్కు ఎవరైనా దిమ్మ ఐసు మోసుకుపోతున్నారంటే ఇంట్లో శవం ఉన్నట్టే. కండక్టరు మెల్లగా భుజం మీద చేయి వేసిండు.

"ఎవరు తమ్మీ?"

నిజం చెప్పి ఉండొచ్చు. కానీ అప్పటికే ఒకాయన లేచి సీటిచ్చిండు, ఇంకొకాయన సంచి పట్టుకున్నడు, ఒక ముసలామె నా తల నిమురుతున్నది. ఇంత ఆదరణ నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా దొరకలేదు. నోట్లోంచి అదే వచ్చేసింది.

"మా దాది."

బస్సు బస్సంతా నిట్టూర్చింది. ఏ తండా, ఏం పేరు అని అడిగితే అన్నీ చెప్పిన. మంచి మనిషని, గొప్పగా పాడేదని చెప్పిన. చెప్తూ చెప్తూ నిజంగానే ఏడ్చిన. ఎందుకో తెలియదు.

దిమ్మ ఇంటికొచ్చేసరికి మూరెడు మిగిలింది. దాన్ని ఊకలో పూడ్చి పెట్టిన.

20 మే, మంగళవారం

వచ్చింది. వచ్చింది. వచ్చింది.

తెల్లవారుజామునే మొదలుపెట్టిన. ఐసు మధ్యలో సీసా. చుక్క, చుక్క, చుక్క. నీళ్ళ లాగ రంగు లేదు, కానీ మూత తీస్తే పచ్చి పండు కోసిన ఘాటు. దారాలు తెంపి ముప్పై ఆరు గాజులూ ఊడదీసి, సోడాతో రెండుసార్లు కడిగి, పింగాణీ పళ్ళెంలో పరిచిన. వేలు తగిలితే జిడ్డు, జిడ్డుంటే వెండి అతుక్కోదు, అందుకని పటకారుతో. వెండి నీళ్ళు పోసిన. ఎసిటాల్డిహైడ్ వేసిన. పళ్ళెం కింద వేడినీళ్ళు.

ముందు నల్లబడింది. నా ప్రాణం కూడా. తరవాత పళ్ళెం అడుగు నుంచి ఒక మెరుపు పాకుతూ వచ్చింది, ఎవరో లోపల దీపం పెట్టినట్టు. పళ్ళెమే అద్దమైంది. వంగి చూస్తే మూడు రోజులుగా గడ్డం గీయని మనిషి ఒకడు నవ్వుతున్నడు.

మిగిలిన నీళ్ళు వెంటనే పారబోసిన, పగిడయ్యా, నీ మీద ఒట్టు.

గాజు ముందువైపు అంటిన వెండిని తుడిచేయాలి, వెనకవైపుది చెరగకుండా ఏదైనా పూయాలి. వార్నిష్ లేదు. చూడ్డానికొచ్చిన రూప్లి ఇంటికి పోయి పెళ్ళికని దాచుకున్న గోళ్ళరంగు సీసా తెచ్చింది. ఇద్దరం కూర్చొని ముప్పై ఆరు అద్దాల వీపులకు గులాబీరంగు పూశాం. సీసా ఖాళీ అయింది. పెళ్ళినాడు గోళ్ళకేం పెట్టుకుంటవని అడిగితే, నీ మొహం పెట్టుకుంట అన్నది.

21 మే, బుధవారం

ఒక్క చిన్న సంగతి మరచిపోయిన. అద్దాలు కుట్టాలి.

అద్దం చుట్టూ దారం అడ్డం నిలువు వేసి, ఆ దారాలనే పట్టుకొని చుట్టూ అల్లుకుంటూ పోవాలి. మా అమ్మకు రాదు. రూప్లికి రాదు. తండాలో ఎవరికీ రాదు, అందరూ చీరల్లోకి మారి పదేళ్ళయింది. ఈ కుట్టు వచ్చిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె రావడానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయి అనుకుంటుండగానే బయట ట్రాక్టరు ఆగింది.

దాది దిగింది. వెనక వాళ్ళక్క, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు, ఏడ్చి ఏడ్చి మొహాలు ఉబ్బి ఉన్నారు. సోమ్లి చచ్చిపోయిందని బస్సులో విన్నవాళ్ళు పాల్వంచలో చెప్పారట. పక్కనే కూర్చొని రొట్టె తింటున్న సోమ్లిని చూసుకుంటూనే వాళ్ళక్క ఏడుపు మొదలుపెట్టిందట. సోమ్లి అనే పేరున్నవాళ్ళు తండాలో ఇంకెవరున్నారని లెక్క తీసుకుంటూ వచ్చింది దాది.

"రామ్యా, ఎవరు పోయిండ్రు రా?"

నా చేతిలో కాంచళి ఉంది. ముప్పై ఆరు చోట్ల గుండ్రటి మచ్చలు. పక్కన పళ్ళెంలో అద్దాలు. దాచడానికి ఏమీ మిగల్లేదు. యాసిడ్ దగ్గర నుంచి ఐసు దాకా అన్నీ చెప్పిన. ఎసిటాల్డిహైడ్ గురించి కూడా చెప్పబోయిన. ఆమె వినలేదు. పళ్ళెంలోంచి ఒక అద్దం తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, నలుపేమైందని అడిగింది. మురికి కదా, వదిలించిన అని చెప్పిన.

"మురికి కాదు రా గది. ఈ తండా నుంచి పోయిన ప్రతి పిల్ల ఈడ మొగం బెట్టి ఏడ్సింది. నీ మేనత్త, నీ అక్క, అందరు. నలభై ఏండ్ల ఏడుపు రా. కడిగేసినవ్."

గొంతు పెంచలేదు. లోపలికి పోయి పడుకుంది.

కన్నీళ్ళలో ఉప్పు ఉంటుంది. ఉప్పుకు పూత నల్లబడుతుంది. మూడేళ్ళు చదివిన నాకు ఇంత చిన్న సంగతి తోచలేదు.

22 మే, గురువారం

దాది మాట్లాడలేదు.

23 మే, శుక్రవారం

ఈ రోజు కూడా. రూప్లి మూడుసార్లు వచ్చి గడపలో నిలబడి పోయింది. ఎవరు ఏడుస్తరు ఈ కాలంలో అన్న మనిషే. దాది పాడదా అని నన్ను అడిగింది. నాకెట్ల తెలుస్తుంది అని కసిరిన. తరవాత ఆ పిల్ల కళ్ళు చూసి నా మీద నాకే అసహ్యమేసింది.

24 మే, శనివారం

పొద్దున్నే దాది గోడకు ఆనుకొని కూర్చొని, కాంచళి మా మధ్యన పడేసింది. నన్నూ రూప్లినీ చెరో పక్కన కూర్చోమన్నది. తన కళ్ళకు సూది కనబడదట. నోటితో చెప్తుందట, మేం కుట్టాలట.

కుట్టినం. పొద్దంతా. వేలు తడిమి చూసి, వదులుగా ఉంటే తెంపేసేది, మళ్ళీ కుట్టమనేది. నా మొదటి అద్దాన్ని ఐదుసార్లు తెంపింది. ఐదోసారి ఇంగ్లీషు చదువు వేళ్ళలోకి దిగదని వాళ్ళక్కతో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నరు. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి రూప్లివి ఇరవై రెండు, నావి పధ్నాలుగు. రక్తం ఎవరిది ఎక్కువ కారిందనే దాంట్లో మాత్రం నేనే ముందు.

రేపు ఆమె తొడుక్కుంటుందా అని అడగలేకపోయిన.

26 మే, సోమవారం

నిన్న పెళ్ళి అయింది.

మధ్యాహ్నం సాగనంపే ముందు రూప్లి నైలాన్ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నది. దాది పోయి కాంచళి ఒళ్ళో పెట్టి, తొడుక్కో అన్నది. నీది కదా దాది అంటే తల అడ్డంగా ఊపింది.

"కొత్త అద్దాలు నాకెందుకు. వీటి మీద ఇంకా ఎవరు ఏడ్వలే. నీయే ముందు."

రూప్లి తొడుక్కుంది. నైలాన్ చీర మీద కాంచళి, చూడ్డానికి విడ్డూరంగా ఉంది. ఎవరూ నవ్వలేదు.

పిల్లను సాగనంపడానికి దాది మామూలు నూలు రవికతో బయటికొచ్చింది. నలభై ఏళ్ళల్లో మొదటిసారి. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. ఆమె ఎవరినీ చూడలేదు. రూప్లిని దగ్గరికి తీసుకొని, తల భుజాన పెట్టుకొని, పాట ఎత్తుకుంది.

మా తండాలో లెక్క ఏంటంటే, పిల్ల కనబడినంత సేపు పాడాలి. మామూలుగా బండి టేకు తోట దగ్గరికి పోగానే దుమ్ము కమ్మేస్తుంది, పాట ఆగుతుంది, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకొని అన్నాలకు కూర్చుంటరు. నిన్న ట్రాక్టరు టేకు తోట దాటింది. రూప్లి ట్రాలీలో వెనక్కి తిరిగి మా వైపే కూర్చుంది. ఎర్రటి ఎండ. దుమ్ములోంచి ముప్పై ఆరు అద్దాలు ఒక్కసారి తళుక్కుమన్నయ్. దాది ఆపిన పాట మళ్ళీ అందుకుంది. వాగు దాటింది, ఇంకా మెరుస్తున్నది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి పోయిండ్రు. వడ్డన మొదలైంది. భీమ్లా కాకా వచ్చి, ఇగ చాలు అమ్మా అన్నడు. ఆమె వేలెత్తి దూరాన రోడ్డు మలుపు చూపించింది. అక్కడ సూదిమొనంత వెలుగు. అది ఉన్నంత సేపు పిల్ల కనబడుతున్నట్టే.

నేను తువ్వాలు ఆమె తలకు అడ్డం పట్టుకొని నిలబడ్డ. ఎంతసేపో తెలియదు. చివరికి దాది గొంతులో మాట లేదు, గాలి మాత్రమే వస్తున్నది. పెదాలు పాడుతూనే ఉన్నయ్. నలుపు పట్టిన పాత అద్దాలు అయితే పాట టేకు తోట దగ్గరే అయిపోయేది.

28 మే, బుధవారం

దాది గొంతు పూర్తిగా పోయింది. మూడు రోజుల నుంచి నన్ను చేతులతోనే తిడుతున్నది. అన్నీ అర్థమవుతున్నయ్.